విన్న సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ ఆడియో పుస్తకంపై నలుగురికీ పనికొచ్చేలా అభిప్రాయం చెప్పడం ఎలా?

“ఆడియో పుస్తకం మొత్తం విన్నాను, ఎంతో నచ్చింది. స్నేహితులకు చెప్పబోతే మాత్రం ‘బాగుంది, మీరూ వినండి’ అన్నంతకు మించి మాట రావడం లేదు. ఎలా చెప్పాలి?” అన్న ప్రశ్న నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు పాఠకుల నుంచి పదే పదే వస్తోంది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ వినేవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఆ కథల్లో లోకమే కొత్తది కాబట్టి, దాన్ని వివరించబోతే కథంతా చెప్పవలసి వస్తుంది, వివరించకపోతే ఎదుటివారికి ఏమీ బోధపడదు.

ఈ వ్యాసంలోని అంచెలన్నిటికీ ఆధారం ఒక్కటే. ఆడియో పుస్తకంపై చెప్పే అభిప్రాయంలో కథ గురించిన మాట, చదివిన గొంతు గురించిన మాట, మీరు విన్న పరిస్థితి గురించిన మాట వేర్వేరుగా వినిపించాలి. “అన్నా, కథ బాగుండాది గానీ ఆ గొంతు నాకు పడలేదు” అని ఒక శ్రోత అన్నాడనుకోండి. ఆ ఒక్క వాక్యం, మూడింటినీ కలిపేసి పేజీల కొద్దీ రాసిన పొగడ్త కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. అది విన్నవాడు ఆ కథను అచ్చులో చదువుకోవచ్చు, లేదా వేరొకరు చదివిన రికార్డింగ్ వెతుక్కోవచ్చు.

కావలసినవి

మీరు ఇటీవల పూర్తిగా విన్న ఒక పుస్తకం, చిన్న నోటు పుస్తకం లేదా ఫోనులో రాసుకునే చోటు, పుస్తకాన్ని మళ్లీ తెరిచి చూసేందుకు అదే యాప్, ఒక అరగంట తీరిక ఉంటే చాలు. కొత్తగా ఏదీ కొననవసరం లేదు. ఇంకా ఏ పుస్తకమూ వినకపోతే లిబ్రివాక్స్‌తో మొదలుపెట్టవచ్చు. 2005లో ప్రారంభమైన ఈ సంస్థ, కాపీహక్కుల కాలం ముగిసిన పుస్తకాలను స్వచ్ఛంద పాఠకుల చేత చదివించి ఉచితంగా అందిస్తోంది. హెచ్.జి. వెల్స్, జూల్స్ వెర్న్ వంటి తొలితరం సైన్స్ ఫిక్షన్ రచయితల పుస్తకాలు అక్కడ దొరుకుతాయి.

ఒక హెచ్చరిక. ఈ పని కోసం జాతీయ రహదారి మీద బండి నడుపుతూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. బస్సులో, రైల్లో, ఇంట్లో, పొలం గట్టున వినండి.

1. మీరు విన్నది ఏ రికార్డింగో ముందుగా ఖాయం చేసుకోండి

అచ్చు పుస్తకం ఏ ముద్రణ అయినా లోపలి మాటలు సాధారణంగా ఒక్కటే. ఆడియోలో అలా కాదు. ఒకే పేరుతో పూర్తి పఠనం, సంక్షిప్త పఠనం, రేడియో నాటకం, పలువురు నటులు కలిసి చదివినది అన్నీ ఉండవచ్చు. వెల్స్ 1898లో పుస్తకంగా ప్రచురించిన ‘ద వార్ ఆఫ్ ద వరల్డ్స్’ను ఒకరు లిబ్రివాక్స్‌లో పూర్తిగా విని ఉండవచ్చు, మరొకరు అదే పేరుతో 1938 అక్టోబరు 30న నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్స్ (ఆయన వేరే వెల్స్) బృందం అమెరికా రేడియోలో వినిపించిన గంట నాటకాన్ని విని ఉండవచ్చు. ఇద్దరూ ఆ పేరే చెప్పి వాదించుకుంటే ఎప్పటికీ తేలదు, ఎందుకంటే నాటకంలో స్థలం, కాలం, కథ చెప్పే పద్ధతి అన్నీ మార్చారు. ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. బీబీసీ 1981లో ప్రసారం చేసిన ధారావాహిక నాటకం ఒకటి, రాబ్ ఇంగ్లిస్ 1990లో చదివినది ఒకటి, ఆండీ సర్కిస్ చదవగా 2021లో వచ్చినది మరొకటి.

కాబట్టి ఈ ఐదు వివరాలు కాగితం మీద పెట్టండి: పుస్తకం పేరు, రచయిత, చదివినవారు, నిడివి, పూర్తి పాఠమా కాదా. చివరిది తెలియకపోతే పుస్తకం వివరాల పేజీలో చూడండి. సంక్షిప్తమైతే సాధారణంగా అక్కడే చెబుతారు. కుకూ ఎఫ్ఎం, పాకెట్ ఎఫ్ఎం వంటి యాప్‌లలో తెలుగులో వచ్చే ఫాంటసీ కథలు చాలావరకు చిన్న చిన్న భాగాలుగా ఏళ్ల తరబడి సాగుతాయి. వాటి గురించి చెప్పేటప్పుడు నిడివికి బదులు మీరు ఎన్నో భాగం దాకా విన్నారో చెప్పండి. ఇరవై భాగాలు విన్నవారి మాటకూ రెండు వందల భాగాలు విన్నవారి మాటకూ ఒకే విలువ ఉండదు.

2. వింటున్నప్పుడే గుర్తులు పెట్టుకోండి

అచ్చు పుస్తకంలో నచ్చిన చోటును పేజీలు తిప్పి పట్టుకోవచ్చు. పదహారు గంటల రికార్డింగులో ఒక మాటను వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. నచ్చిన చోట, విసుగు పుట్టిన చోట, అర్థం కాక వెనక్కి జరిపిన చోట యాప్‌లోని బుక్‌మార్క్ నొక్కండి. నొక్కే వీలు లేకపోతే ఆ తరువాత వీలైనంత త్వరగా “ఏడవ అధ్యాయం, ఓడ తలుపు తెరిచిన చోటు” అని ఒక్క ముక్క రాసుకోండి.

ఈ మూడు రకాల గుర్తుల్లో మూడవదే అన్నిటికంటే విలువైనది. వెనక్కి జరిపిన చోట్లు నాలుగైదు చేరాక వాటిని కలిపి చూడండి. అన్నీ కొత్త పేర్లు వచ్చిన చోట్లయితే లోపం రచనలో ఉండవచ్చు. అన్నీ సంభాషణలైతే చదివినవారు గొంతుల్లో తేడా చూపలేదన్నమాట. అన్నీ రాత్రి పదకొండు దాటాక విన్నవైతే మీకు నిద్ర వచ్చిందన్నమాట. అభిప్రాయానికి కావలసిన ముడిసరుకు ఇక్కడే దొరుకుతుంది.

3. పూర్తయ్యాక ఒక రోజు ఆగండి

ముగింపు విన్న వేడిలో రాస్తే అభిప్రాయమంతా ముగింపు చుట్టూనే తిరుగుతుంది. మరునాడు, గుర్తులు చూడకుండా, మీకు ఏమి గుర్తుందో మూడు నాలుగు వాక్యాలు రాయండి. ఆ తరువాతే గుర్తులు తెరిచి పోల్చండి.

4. ఆ లోకాన్ని మూడు వాక్యాల్లో చెప్పండి

ఎక్కడ, ఎప్పుడు, అక్కడ మన లోకానికి భిన్నంగా ఉన్న ఒక్క సంగతి ఏమిటి: ఈ మూడూ చెబితే చాలు. మాయాజాలం ఎలా పనిచేస్తుందో, రాజవంశాలు ఎన్నో, గ్రహాల పేర్లు ఏమిటో చెప్పనవసరం లేదు.

కథ గుట్టు బయటపడకుండా ఉండాలంటే ఒక కొలత పాటించండి. పుస్తకం మొదటి పదవ వంతులో వచ్చే సంగతులు చెప్పవచ్చు, ఆ తరువాత వచ్చేవి చెప్పకూడదు. పదహారు గంటల పుస్తకమైతే మొదటి గంటన్నర దాకా అన్నమాట. ఈ కొలత నూటికి నూరుపాళ్లూ సరిపోదు. కొన్ని కథల్లో అసలు రహస్యం మొదటి అరగంటలోనే విప్పుతారు. అప్పుడు మీ విచక్షణే దారి. గుట్టు విప్పకుండా ఎంత చెప్పవచ్చో తెలియడానికి ఒక ఉదాహరణ చూడండి. ఆండీ వియర్ 2021లో రాసిన ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’ని రే పోర్టర్ చదివారు, ఆ రికార్డింగుకు 2022లో ఆడియో పుస్తకాలకు ఇచ్చే ఆడీ పురస్కారాల్లో ‘ఆ యేటి ఆడియో పుస్తకం’ గౌరవం దక్కింది. అందులో ఒక పాత్ర మాటలను సంగీత స్వరాలుగా వినిపించారు. ఆ పాత్ర ఎవరో, ఎప్పుడు వస్తుందో చెప్పకుండానే “అచ్చులో చదివితే దొరకని ఒక అనుభవం ఈ రికార్డింగులో ఉంది, మంచి ఇయర్‌ఫోన్లతో వినండి” అని మీరు చెప్పగలరు. విననివారి సరదా చెడదు, విన్నవారికి మీరు దేని గురించి చెబుతున్నారో వెంటనే తెలుస్తుంది.

5. గొంతు గురించి విడిగా, వివరంగా చెప్పండి

చాలామంది “చదివినవారు చక్కగా చదివారు” అని దాటవేసే భాగం ఇదే, నిజానికి అందరికంటే ఆడియో శ్రోత మాత్రమే చెప్పగలిగిన భాగమూ ఇదే. ఒక్కరే నిలబడి రాముణ్ణీ రావణుణ్ణీ పలికించే హరికథ భాగవతార్‌ను మన పెద్దలు ఎలా బేరీజు వేసేవారో, అలాగే ఇక్కడా వేయాలి.

మొదట పాత్రల గొంతుల్లో తేడా తెలిసిందా చూడండి. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు “అన్నాడు”, “అంది” అన్న మాటలు రాకముందే ఎవరిదో పోల్చుకోగలిగితే చదివినవారు గెలిచినట్టే. తేడా ఎక్కువగా ఉండటమే గొప్ప అనుకోకండి. ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చదివిన రాయ్ డోట్రిస్ 224 పాత్రలకు వేర్వేరు గొంతులు ఇచ్చి గిన్నిస్ రికార్డులకెక్కారు. ఆ వైవిధ్యాన్ని ప్రేమించే శ్రోతలూ ఉన్నారు, నటన ఎక్కువైందని సణిగే శ్రోతలూ ఉన్నారు. మీరు ఏ పక్షమో చెప్పండి.

తరువాత గొంతు కథకు అతికిందా చూడండి. ఎన్.కె. జెమిసిన్ రాసిన ‘ద ఫిఫ్త్ సీజన్’లో ఒక కథాభాగం మొత్తం శ్రోతతో నేరుగా మాట్లాడుతున్నట్టు, ఇదంతా నీకే జరుగుతోంది అన్నట్టు సాగుతుంది. అచ్చులో ఇది కొందరికి అడ్డంకిగా అనిపిస్తుంది. రాబిన్ మైల్స్ గొంతులో వింటే ఎవరో ఎదురుగా కూర్చుని మన కథ మనకే చెబుతున్నట్టు ఉంటుంది. ఇలాంటి తేడా కనబడినప్పుడు దాన్ని తప్పకుండా రాయండి, ఎందుకంటే అచ్చులో సగం చదివి పక్కన పెట్టినవారు మీ మాట విని ఆడియోలో మళ్లీ ప్రయత్నించవచ్చు.

ఒకే పుస్తకానికి రెండు పఠనాలు ఉంటే రెండిటి మొదటి అధ్యాయాలూ విని పోల్చండి. ‘ద మార్షియన్’ను మొదట 2013లో ఆర్.సి. బ్రే చదవగా, 2020లో విల్ వీటన్ చదివిన రికార్డింగు వచ్చింది. నమూనాగా కొన్ని నిమిషాలు ఉచితంగా వినే వీలు చాలా యాప్‌లలో ఉంటుంది. రెండవది కొనకుండానే పోల్చవచ్చు.

పలువురు నటులు చదివిన రికార్డింగైతే మరో సంగతి గమనించాలి. ‘డ్యూన్’ 2007 నాటి రికార్డింగులో కొన్ని అధ్యాయాల్లో పాత్రకొక నటుడు వినిపిస్తాడు, మరికొన్నిట్లో ఒక్కరే అన్నీ చదువుతారు. ఒకే పాత్ర గొంతు మధ్యలో మారిపోతే కొత్త శ్రోత తికమకపడతాడు. మొదలుపెట్టబోయేవారికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచడం మేలు.

6. ఎలా విన్నారో ఒక వాక్యంలో చెప్పండి

ప్రకాశం జిల్లాలో బ్యారన్‌లో, అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, క్యూరింగ్ జరుగుతున్న రాత్రులు ఎవరో ఒకరు మేలుకుని వేడి చూసుకుంటూ ఉండాలి. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా ఉండేవారికీ అంతే. ఆడియో పుస్తకానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు, కానీ రెండు చోట్లా వినికిడి వేరు. బ్యారన్ దగ్గర థర్మామీటరు చూడటానికి లేచినప్పుడల్లా దృష్టి తెగుతుంది. చెరువు దగ్గర నీటికి గాలి అందించే ఏరియేటర్ల మోతలో గుసగుసగా చదివిన మాటలు మునిగిపోతాయి. అక్కడ విని “చదివినవారి గొంతు స్పష్టంగా లేదు” అని తీర్పు చెబితే అది ఆ కళాకారుడికి అన్యాయం. అనుమానమున్న భాగాన్ని ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మరోసారి విని, ఆ తరువాతే రాయండి.

వేగం కూడా చెప్పాలి. పదహారు గంటల పుస్తకం 1.25 వేగంతో సుమారు పన్నెండు గంటల నలభై ఎనిమిది నిమిషాల్లో ముగుస్తుంది, 1.5 వేగంతో పది గంటల నలభై నిమిషాల్లోనే. కాలం కలిసివస్తుంది గానీ, చదివినవారు కావాలని ఇచ్చిన విరామాలు కుంచించుకుపోతాయి. 1.5 వేగంతో విని “హడావిడిగా చదివారు” అనడం తగదు.

మీ ఊరు మీకు ఇచ్చిన అనుభవం ఏదైనా కథకు తగిలితే దాన్ని కూడా చేర్చండి. శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచే రోజున నెల్లూరులో మేడలెక్కి చూసినవారు ఎందరో ఉన్నారు. 2023 జూలై 14న చంద్రయాన్-3ను అలా చూసినవారిలో మీరూ ఉండవచ్చు. సూళ్లూరుపేట వైపు నిలబడి చూసినవారికి నిప్పు ముందు కనబడటం, మోత ఆలస్యంగా చేరడం, ఆ మోత ఛాతీకి తగలడం తెలుసు. కథలో ప్రయోగ ఘట్టం వచ్చినప్పుడు రచయిత ఆ వరుసను సరిగ్గా పట్టారా, చదివినవారు ఆ ఎదురుచూపును గొంతులో నిలిపారా అన్నది మీరు చెబితే దానికి ఉండే బరువు వేరు.

7. ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నచ్చదో చెప్పండి

“అందరూ వినవలసిన పుస్తకం” అన్న మాట ఎవరికీ దారి చూపదు. లెక్కలు, ఇంజనీరింగ్ వివరాలు ఇష్టమైనవారికా, నెమ్మదిగా సాగే కథ ఓపికగా వినేవారికా, పిల్లలతో కలిసి వినదగినదా, ఇంగ్లీషు వినడం అలవాటు లేనివారికి ఉచ్చారణ అందుతుందా? వీటిలో రెండిటికి జవాబు ఇవ్వండి. చివరి ప్రశ్న మన జిల్లాల శ్రోతలకు చాలా ముఖ్యం. ఉచ్చారణ కష్టమనిపిస్తే మొదటి గంట 0.9 వేగంతో వినమని, లేదా అచ్చు ప్రతి పక్కన పెట్టుకోమని సలహా ఇవ్వండి.

8. పేర్లు సరిచూసుకోండి

చెవితో మాత్రమే విన్న పేరు ఎలా రాయాలో తెలియదు. పుస్తకం వివరణలోనో అచ్చు ప్రతిలోనో ఒకసారి చూడండి. తెలుగు లిపిలో విన్నట్టే రాయవచ్చు, అయితే అభిప్రాయం మొత్తంలో ఒకే పద్ధతిలో రాయాలి.

ఒక నమూనా

ముందు, తరచుగా కనబడే తీరు:

“సూపర్ కథ. హీరో టైమ్ మెషీన్ ఎక్కి భవిష్యత్తులోకి వెళతాడు. అక్కడ రెండు రకాల మనుషులు ఉంటారు. చివర్లో అదిరిపోతుంది. చదివినతను కూడా బాగా చదివాడు. తప్పకుండా వినండి.”

ఇప్పుడు అదే పుస్తకంపై పై అంచెల ప్రకారం రాసిన నమూనా:

“హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ద టైమ్ మెషీన్’ను లిబ్రివాక్స్‌లో విన్నాను. ఒక్కరే చదివిన పూర్తి పాఠం, నిడివి సుమారు మూడున్నర గంటలు, మామూలు వేగం. తన ఇంటికి వచ్చిన అతిథులకు ఒక ఆవిష్కర్త తన ప్రయాణాన్ని తానే వివరిస్తాడు. ఆయన చేరినది 8,02,701వ సంవత్సరం. కథలో ఎక్కువ భాగం ఒక మనిషి కొందరికి చెబుతున్న మాటలే కాబట్టి చెవికి ఎంతో సహజంగా ఉంది. మొదటి అధ్యాయం మాత్రం కష్టపెట్టింది. అతిథుల్లో చాలామందికి పేర్లు లేవు, వైద్యుడు, మనస్తత్వవేత్త అంటూ వృత్తులతోనే వస్తారు; చదివినవారు వారి గొంతుల్లో తేడా చూపలేదు. కావలి నుంచి ఒంగోలు వెళ్లే రైలు రొదలో మొదలుపెట్టినందున ఆ అధ్యాయాన్ని ఇంటికి వచ్చాక మళ్లీ విన్నాను, అప్పుడూ అదే అనిపించింది. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునేవారికి నిరాశ తప్పదు. మనుషుల మధ్య తారతమ్యాలు పెరుగుతూ పోతే ఏమవుతుందన్న ఆలోచన ఇష్టమైనవారికి ఇది తప్పక నచ్చుతుంది.”

రెండవది మొదటిదానికంటే పొడవైనదే, అయినా గుట్టు విప్పలేదు. ఆ రెండు రకాల మనుషుల సంగతి పుస్తకంలో నెమ్మదిగా తెలియవలసినది. మొదటి నమూనా దాన్ని మూడవ వాక్యంలోనే పాడుచేసింది.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది కథ మొత్తం అప్పజెప్పడం. ముఖాముఖి మాట్లాడేటప్పుడు ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఎదుటివారు తల ఊపుతున్న కొద్దీ మనం కథలో ముందుకు పోతాం. నెల్లూరు పురమందిరం వంటి చోట సాహిత్య సభలో మాట్లాడినా, ఇంటి అరుగు మీద మాట్లాడినా నాలుగవ అంచెలోని మూడు వాక్యాలను చీటీ మీద రాసుకుని వాటి దగ్గరే ఆగండి. వాట్సాప్‌లో వాయిస్ నోట్ పంపేవారు రెండు నిమిషాలు దాటనివ్వకండి. చీటీలో లోకం, గొంతు, ఎవరికి అన్న మూడు మాటలే ఉంచుకుని, చదివినట్టు కాకుండా మాట్లాడినట్టు చెప్పండి.

మధ్యలో ఆపేసిన పుస్తకాన్ని పూర్తిగా విన్నట్టు చెప్పడం మరొకటి. ఆపేయడం తప్పు కాదు. “మూడవ గంట దగ్గర ఆపాను, కారణం ఇది” అన్న మాట ఎంతో విలువైనది, ఆ మాట దాచకండి.

ఇష్టంతో చేసే ఒక తప్పు కూడా ఉంది: అభిప్రాయంతో పాటు ఆడియో ఫైలునే పంపేయడం. లిబ్రివాక్స్ రికార్డింగుల లంకెను నిస్సంకోచంగా పంపవచ్చు. డబ్బు కట్టి విన్న పుస్తకాల ఫైళ్లు పంపడం చట్టవిరుద్ధం, పైగా చదివిన కళాకారుల కూలిని ఎగవేయడమే అవుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి?

మీరు రాసినదాన్ని ఆ పుస్తకం విననివారు ఒకరికి ఇవ్వండి. చదివాక మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎలాంటి కథ? చదివిన గొంతు నాకు నచ్చిందా, ఎందుకు? ఇది మీకు సరిపడుతుందా? మూడిటికీ మీ సాయం లేకుండా జవాబు చెప్పగలిగితే అభిప్రాయం కుదిరినట్టే. రెండవ ప్రశ్న దగ్గర తడబడితే ఐదవ అంచెకు తిరిగి వెళ్లండి, మూడవ ప్రశ్న దగ్గరైతే ఏడవ అంచెకు.

ఆ తరువాత పుస్తకం విన్నవారు ఒకరికి చూపించండి. వారిని ఒక్కటే అడగాలి: గుట్టు ఎక్కడైనా బయటపడిందా? బయటపడిందని వారు వేలు పెట్టి చూపిన వాక్యాన్ని సర్దే ప్రయత్నం చేయకండి. పూర్తిగా తీసేసి, ఆ చోట గొంతు గురించి మరో వాక్యం రాయండి.